పర్లాకిమిడిలో పరిక్షేపణం

నౌపడాలో బండి ఎక్కిన కెరటం ఒకటి
గుణుపురంలో దిగుతుంది.
మధ్యలో ఏం జరిగిందో అడగదు ఈ శాస్త్రం.
ఎక్కకముందు ఎలా ఉండేది, దిగాక ఎలా ఉంది
రెండిటినీ పక్కపక్కన నిలబెట్టి
తేడా ఎంతో చెప్పమంటుంది, అంతే.

ఆ ఏడాదీ ఇలాగే మొదలెట్టాను,
ఎమ్మెస్సీ రెండో సంవత్సరం, పదకొండు మంది,
కరెంటు లేదు,
సుద్ద అరిగి గోరు బల్లకి తగులుతోంది.
కాలం మైనస్ అనంతం వైపు కెరటం ఒంటరిది.
ప్లస్ అనంతం వైపు, మళ్ళీ ఒంటరిది.
నడుమ ఒక పొటెన్షియల్,
దూరం పోయేకొద్దీ చప్పబడిపోయేది.
గుంట అన్నాను, ఖాలొ అన్నాను,
ఏ భాషలో అన్నా
బోర్డు మీద గీతకి అదే వంపు.

పాతపట్నం దాటాక వంతెన కింద మహేంద్రతనయ.
ఏ చుక్క దగ్గర ఆ నీరు రాష్ట్రం మారుతుందో
బండిలో పల్లీలమ్మే ఆదెమ్మకి పట్టదు.
ఇవతల ఎంత అంటారు, అవతల కేతే అంటారు.
వంతెన దాటాక ఆమె నోట ధర
ఒక్క క్షణం ఆగి వస్తుంది.
ఆ క్షణం పేరే ఫేజ్ తేడా అన్నాను.
శక్తి తగ్గలేదు, రూపాయి మారలేదు,
కొంచెం వెనకపడింది కెరటం.
లోపల ఏదో తగిలిందనడానికి
మన చేతికి చిక్కే సాక్ష్యం అదే.

వెనక బెంచీలోంచి ఇసాయి రైతా లేచాడు.
ఇంట్లో సవర, బడిలో ఒడియా, సంతలో తెలుగు,
పుస్తకంలో ఇంగ్లీషు.
ప్రశ్న ఎందులో అడగాలో కాసేపు తడుముకుని
"బయటికి రానోళ్ళ లెక్కేటి మేడమ్?" అన్నాడు.

బద్ధస్థితులు, అన్నాను.
గుంటలోనే తిరిగేవి, అనంతం మొహం చూడనివి.
వాటిని వేరుచేసి లంబంగా పక్కన పెడతాం.
మిగిలినవన్నీ ఎప్పటికో అప్పటికి స్వేచ్ఛగా పోతాయి.
మూడో రకం లేదు.
లేదని నిరూపించడమే ఇందులో కష్టమంతా.
సంపూర్ణత అంటారు,
నాలుగు పీరియడ్లు పడుతుంది.

రైతా కూర్చోలేదు.
"సెరంగో కొండ మీద మా అవ్వ ఉంది మేడమ్.
రెండు రాత్రులుంటానని ఒచ్చిన చుట్టం
ఏడేళ్ళున్నాడంట ఆళ్ళింట్లో.
చింతమొక్క నాటాడు, మేకలకి పేర్లెట్టాడు,
ఓ పొద్దున లేచి ఎళిపోనాడు.
ఆడు మీ ఏ గదిలో పడతాడు?"

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వబోయి ఆగాను.
వెళ్ళేవాళ్ళ గదిలోనే, రైతా.
గుంట చుట్టూ గట్టు ఎత్తుగా ఉంటే
లోపలే కొట్టుకుని కొట్టుకుని
ఇల్లు కట్టుకున్నట్టే ఉండి
ఒకనాడు గట్టు గుండానే జారిపోతుంది కెరటం.
అనునాదం అంటాం.
వాస్తవ సంఖ్యల గీత మీద దానికి చిరునామా ఉండదు,
గీతకి కాస్త కింద, ఊహాసంఖ్యల వైపు దిగి ఉంటుంది.
ఎంత తక్కువ దిగితే
అన్నాళ్ళు ఎక్కువ ఉంటుంది.

చెబుతూ చెబుతూ లెక్కేసుకున్నాను.
రెండేళ్ళకని బొబ్బిలి నుంచి వచ్చాను ఈ ఊరు,
పాణిగ్రాహి గారి మేడ మీద గది,
ఇరవై ఆరేళ్ళు.
మంచం కింద ఇంకా విప్పని పెట్టె ఒకటి.
మొదటి నెల జీతంతో కొన్న కొమ్ముకొంగ
వెళ్ళేటప్పుడు ఎవరికో ఇద్దామని,
ఎవరికో మర్చిపోయాను.
కణానికైతే ఇదంతా
సెకనులో లెక్కకందని వంతు.
సూత్రం మాత్రం అదే.
మొన్న పెళ్ళిలో మా వదిన అంది:
ఏటమ్మా, నీ మాట కాసింత ఆగి ఒస్తోంది?

గంట కొట్టారు.
నిరూపణ మూడో మెట్టు దగ్గర ఆగింది.

మర్నాడొచ్చి చూస్తే
బోర్డు మీద గుంట అడుగున
ఎవరో చింతమొక్క గీశారు, నాలుగాకులతో.
దాన్ని తుడవకుండా
చుట్టూ రాసుకుంటూ పోయాను.